ఇరుకు ఇళ్లలో ఎడం: చిన్నారులకు వ్యక్తిగత పరిధి నేర్పడం ఎలా?

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైలు చుట్టూ పెరిగిన ఊరు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే 19వ శతాబ్ది చివర ఇక్కడికి చేరింది. దాని వెంటే వర్క్‌షాపు వెలసింది. కొలువుల కోసం ఉత్తరాంధ్ర నుంచి తరలివెళ్లిన తెలుగువారి సంతతి నేటికీ ఇక్కడ గణనీయంగా ఉంది. 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాషా ప్రతిపత్తి కల్పించాలని ఆ రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించడానికి ఈ పట్టణపు తెలుగు జనాభా ముఖ్య నేపథ్యం.

రైల్వే క్వార్టర్ల వంటి చోట పిల్లలు తల్లిదండ్రుల చేతుల్లోనే కాక ఇరుగుపొరుగు ఒళ్లలోనూ పెరుగుతారు. ఈ చనువు లోటు కాదు, ఆస్తి. అయితే ఎదుటివారికి ఎంత దగ్గరగా వెళ్లవచ్చు, ఎప్పుడు ఆగాలి అన్నది ఎవరో ఒకరు చెబితే తప్ప పిల్లలకు తెలియదు.

మనుషుల మధ్య దూరాలను అమెరికన్ మానవ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ హాల్ 1966లో ప్రచురించిన గ్రంథంలో వర్గీకరించారు. సుమారు 45 సెంటీమీటర్ల లోపలిది అతి సన్నిహితుల దూరం. అక్కడి నుంచి 1.2 మీటర్ల వరకు వ్యక్తిగత దూరం. మొదటిది మన పాత కొలతలో సుమారు ఒక మూర. ఇవి అమెరికన్లను చూసి వేసిన లెక్కలు. సంస్కృతిని బట్టి మారతాయని హాలే చెప్పారు. కిక్కిరిసిన లోకల్ రైలులో వీటిని పట్టుకు కూర్చోవడం హాస్యాస్పదం.

ఈ స్పృహ పుట్టుకతో పూర్తిగా రాదు. వయసుతో పెరిగి, కౌమారం నాటికి పెద్దల తీరుకు చేరువవుతుంది. అందుకే మీదపడి ఆడే మూడేళ్ల పిల్లవాడిని మొండివాడని కసరడం వృథా. చేతులు చాచి గుండ్రంగా తిరగమని, ఎవరికీ తగలకుండా నడవమని ఆటగా నేర్పవచ్చు. ‘మీద పడకు’ అనడం కన్నా ‘ఒక అడుగు వెనక్కి జరుగు’ అన్నది పిల్లలకు సులువుగా అర్థమవుతుంది. ఎదుటివారు ముఖం తిప్పుకున్నా, వెనక్కి జరిగినా ఆగాలని కూడా చూపించాలి.

రైల్వే పట్టణంలో ఇంతకన్నా మంచి పాఠం బెర్తు. స్లీపర్ బోగీలో రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకే పడుకోవడానికి హక్కు. పగలు కింది బెర్తుపై తోటి ప్రయాణికులూ కూర్చుంటారు. ఒకే చోటు ఒక వేళ ఒకరిది, మరో వేళ పదిమందిదీ. ‘అక్కా, ఇక్కడ కూర్చోనా?’ అని అడగడం పిల్లలకు అక్కడే అలవాటు చేయవచ్చు.

చిక్కంతా పెద్దలతోనే. బుగ్గలు గిల్లడం, ‘మామయ్యకు ముద్దివ్వు’ అని బలవంతపెట్టడం మన ఇళ్లలో ప్రేమగా చెల్లుబాటవుతున్నాయి. తన ‘వద్దు’కు విలువ లేదని గ్రహించిన బిడ్డ ఇతరుల ‘వద్దు’ను మాత్రం ఎందుకు పట్టించుకోవాలి? ముద్దుకు ఇష్టపడకపోతే నమస్కారం చాలు. మర్యాదకు లోటేమీ రాదు.

దీనికి భద్రతా కోణమూ ఉంది. పిల్లలపై లైంగిక నేరాలను శిక్షించే పోక్సో చట్టం 2012లో వచ్చింది. వయసుకు తగిన వ్యక్తిగత భద్రతా పాఠాలను కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు రూపొందించాలని 2020 నాటి నిబంధనలు చెబుతున్నాయి. ఎవరైనా తాకి ‘ఎవరికీ చెప్పకు’ అంటే వెంటనే ఇంట్లో చెప్పాలన్నది మొదటి పాఠం. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098 నంబరు ఉంది.

మినహాయింపులూ చెప్పాలి. స్నానం చేయించే అమ్మమ్మ, అమ్మానాన్నల ఎదుట పరీక్షించే వైద్యుడు తాకక తప్పదు. ఎందుకు తాకుతున్నారో ముందుగా చెబితే బిడ్డ బెదరదు. ఆటిజం ఉన్న పిల్లల్లో కొందరికి చిన్న స్పర్శ కూడా బాధాకరం, మరికొందరికి ఎదుటివారి సంకేతాలు అందవు. వారికి బొమ్మలతో, పదేపదే చూపాలి. ఇక 1,072.5 మీటర్ల పొడవున్న ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారంపై రైలు వచ్చే వేళ బిడ్డ వద్దన్నా చేయి వదలకూడదు. కారణం మాత్రం చెప్పాలి.