యాంట్‌లయన్ (చీమసింహం)

న్యూరోప్టెరా క్రమంలోని మిర్మెలియాంటిడే కుటుంబానికి చెందిన కీటకం. దీని జీవితంలో గుడ్డు, డింభకం, ప్యూపా, ప్రౌఢ దశలుంటాయి. ప్రౌఢ కీటకం సన్నని తూనీగలా కనిపిస్తుంది. అయితే స్పర్శశృంగాలు పొడవుగా, కొసలు ఉబ్బి ఉండటంతో తేడా తెలుస్తుంది.

డింభకం: మిర్మెలియాన్ ప్రజాతి డింభకాలు వాన తగలని పొడి ఇసుకలో వెనక్కి నడుస్తూ గరాటు ఆకారపు గుంట తవ్వి, అడుగున పొంచి ఉంటాయి. జారిపడిన చీమ పైకి పాకబోతే తలతో ఇసుక చిమ్మి కిందికి దొర్లిస్తాయి. కొడవలి వంటి దవడల్లోని గొట్టాల ద్వారా విషం ఎక్కించి, ద్రవాలను పీల్చుకుంటాయి. చాలా జాతులు గుంటలు తవ్వవు; ఇసుకలోనో ఆకుచెత్తలోనో మాటువేస్తాయి. డింభకం ఇసుక అంటిన పట్టుగూడులో ప్యూపాగా మారుతుంది.

వర్గీకరణ: మిర్మెలియాన్ ప్రజాతికి 1767లో లినేయస్, కుటుంబానికి 1802లో లాత్రేయ్ పేరు పెట్టారు. యాంట్‌లయన్లకు దగ్గరి బంధువులైన గుడ్లగూబ ఈగలు (owlflies) అనే కీటకాలను చాలాకాలం అస్కలాఫిడే అనే వేరే కుటుంబంగా లెక్కించారు. 2019లో వెలువడిన జన్యు అధ్యయనం వాటిని ఇదే కుటుంబంలో చేర్చి, అస్కలాఫినే, మిర్మెలియాంటినే, డెండ్రోలియాంటినే, నెమోలియాంటినే అనే నాలుగు ఉపకుటుంబాలను ప్రతిపాదించింది. కొందరు నిపుణులు పాత విభజననే పాటిస్తున్నారు.