రెండు డిస్కుల సినిమా

తెలుగు సినిమా చరిత్ర రాసేవాళ్లు ఎక్కువగా థియేటర్ దగ్గరే ఆగిపోతారు. ఏ సినిమా ఎన్ని సెంటర్లలో వంద రోజులు ఆడింది, ఎవరి రికార్డు ఎవరు కొట్టారు, ఇవన్నీ దొరుకుతాయి. అదే సినిమా మన ఇంట్లోకి ఎలా వచ్చింది, వచ్చేసరికి అందులో ఎంత మిగిలింది అనే లెక్క మాత్రం కనబడదు. తొంభైల్లో బడికి వెళ్లిన నాలాంటివాళ్లకి పాత సినిమా అంటే టీవీలోనో వీసీడీలోనో చూసిందే. 'అల్లూరి సీతారామరాజు' చూశారా అంటే చూశామనే చెప్తాం. నిజానికి అందులో ఎంత చూశాం?

ముందు తేదీలు. మద్రాసులో ఉన్న పరిశ్రమ హైదరాబాద్‌కి రావడంలో పెద్ద అడుగు, అక్కినేని నాగేశ్వరరావు జూబ్లీహిల్స్ రాళ్లగుట్టల మధ్య 22 ఎకరాల్లో కట్టిన అన్నపూర్ణ స్టూడియోస్. అది 1976లో మొదలైంది. ఆ మరుసటి ఏడే, 1977 అక్టోబర్ 23న, హైదరాబాద్ దూరదర్శన్ మొదలైంది. అంటే ఈ ఊరి గుట్టల మీదకి సినిమా, ఇళ్లలోకి టీవీ ఇంచుమించు ఒకేసారి వచ్చాయి. తర్వాత ఫిల్మ్ నగర్ పెరిగిందీ, 1982 ఏషియాడ్ పుణ్యమా అని రంగుల టీవీలు పెరిగిందీ ఒకే దశాబ్దంలో.

సినిమావాళ్లు టీవీతో పోటీకి ప్రపంచమంతా ఒకటే మందు వాడారు: తెర పెద్దది చెయ్యడం. హాలీవుడ్‌లో 1953లో సినిమాస్కోప్ వచ్చింది అందుకే. తెలుగులో మొదటి స్కోప్ సినిమా కృష్ణ తీసిన 'అల్లూరి సీతారామరాజు', 1974లో. హైదరాబాద్‌కి టీవీ ఇంకా రాలేదు. అంటే మన దగ్గర ప్రశ్న కంటే జవాబే మూడేళ్లు ముందొచ్చింది. 1986లో అదే కృష్ణ తొలి తెలుగు 70 ఎం.ఎం. సినిమా 'సింహాసనం' తీశారు. అప్పటికి టీవీకి వీసీఆర్ కూడా తోడైంది.

వీసీఆర్ రోజులు నాకు విన్నవే తప్ప చూసినవి కావు. గల్ఫ్ నుంచి వచ్చేవాళ్లు టేప్ రికార్డర్‌తో పాటు వీసీఆర్ కూడా తెచ్చుకునేవాళ్లు. ఊళ్లో ఏదైనా శుభకార్యం జరిగితే ఆ రాత్రికి టీవీ, డెక్కు, మూడు నాలుగు క్యాసెట్లు అద్దెకి తెచ్చి తెల్లారేదాకా వేసేవాళ్లు. దూరప్రయాణాలకి వీడియో కోచ్‌లు తిరిగేవి. వీటిలో చాలా క్యాసెట్లు దొంగవి. అందుకే 1984లో కాపీరైట్ చట్టాన్ని సవరించి, వీడియోని కూడా సినిమా నిర్వచనంలోకి తెచ్చి, శిక్షలు పెంచారు. అదే ఏడాది అమెరికా సుప్రీంకోర్టు, సోనీ బీటామ్యాక్స్ కేసులో, తర్వాత చూసుకోవడానికి ఇంట్లో రికార్డు చేసుకోవడం నేరం కాదని చెప్పింది. కేసు ఓడిపోయిన హాలీవుడ్ స్టూడియోలే తర్వాత ఆ క్యాసెట్లు అమ్మి డబ్బు చేసుకున్నాయి. ఇక్కడ 'వీడియో' అన్న మాట చాలాకాలం 'పైరసీ' అన్న మాటకి జంటగానే వినబడింది. దొంగని ఆపడం మీద పెట్టిన శ్రద్ధ, అసలు కాపీని బాగా తయారుచెయ్యడం మీద పెట్టలేదు. నా ఉద్దేశంలో మిగతా కథంతా ఇక్కడి నుంచే వచ్చింది.

వీసీడీ దగ్గర కాస్త ఆగుదాం, ఎందుకంటే అది మన తరం సామాను. 1993లో దాని ప్రమాణం ఖరారైంది. అమెరికాలో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ఆసియా అంతా దాని మీద పడింది. ప్లేయర్ చవక. టేపుకి పట్టినట్టు డిస్కుకి అంత తేలిగ్గా బూజు పట్టదు. పైగా ఇంట్లో కంప్యూటర్ ఉంటే అందులోనూ ఆడుతుంది. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో గేమ్ సీడీలు కొనుక్కొచ్చి ఏ డ్రైవ్‌లో పెట్టేవాళ్లమో, ఈ సినిమాలూ అందులోనే పెట్టేవాళ్లం. అంతకుముందు ఆ టీవీకే తగిలించి కాంట్రా, మారియో ఆడిన వీడియో గేమ్ కార్ట్రిడ్జ్‌ని కూడా క్యాసెట్ అనే అనేవాళ్లం. సినిమాకీ గేమ్‌కీ మధ్య గీత మా ఇంట్లో ఎప్పుడూ అంత గట్టిగా లేదు.

ఒక వీసీడీలో పట్టేది 74 నిమిషాలు. రెండు డిస్కులంటే 148. సగటు తెలుగు సినిమా రెండున్నర గంటలు, అంటే 150. ఆ రెండు నిమిషాల తేడాలోనే మన సినిమాలకి పెద్ద అన్యాయం జరిగింది. నిడివి దాటితే దారులు రెండే: మూడో డిస్కు, లేదా కత్తెర. మూడో డిస్కంటే ఖర్చు. కత్తెరంటే ఒక పాట, కామెడీ ట్రాక్‌లో ఒక ముక్క. మూడు గంటలు దాటిన 'మాయాబజార్' లాంటి వాటి సంగతి చెప్పక్కర్లేదు. మొదటి డిస్కు అయిపోయే చోటు ఇంటర్వెల్‌కి దగ్గరగా పడితే అదృష్టం. లేకపోతే డైలాగ్ మధ్యలో లేచి డిస్కు మార్చాలి.

ఇక బొమ్మ. మన దేశపు టీవీలకి చేసిన వీసీడీలో అడ్డంగా 352, నిలువునా 288 చుక్కలు. టీవీ తెర వెడల్పు ఎత్తుకి 1.33 రెట్లు. స్కోప్ బొమ్మ వెడల్పు 2.35 రెట్లు. స్కోప్ బొమ్మ మొత్తం కనబడాలంటే పైనా కిందా నల్లపట్టీలు వదలాలి. అప్పుడు బొమ్మకి మిగిలేది 163 గీతలు, మొత్తం మీద 57 వేల చుక్కలు. ఇవాళ ఫుల్ హెచ్‌డీలో అదే స్కోప్ సినిమాకి సుమారు 15 లక్షల 70 వేల చుక్కలొస్తాయి. అంటే 27 రెట్లు. నల్లపట్టీలంటే జనానికి నచ్చదు కాబట్టి చాలా సినిమాలకి రెండో దారి పట్టారు: అంచులు నరికి నడిమి భాగాన్ని తెర నిండా పరచడం. లెక్క వేస్తే 43 శాతం బొమ్మ పోయింది. ఎడమ చివర హీరో, కుడి చివర విలన్ నిలబడి మాట్లాడుకుంటుంటే మనకి మధ్యలో ఉన్న స్తంభం కనబడేది. వాన పాటొచ్చిందంటే ఇంకో కష్టం. వీసీడీ కంప్రెషన్ బొమ్మని చిన్న చిన్న గళ్లుగా కోసి, కదలిక తక్కువ ఉంటేనే బాగా దాచుకుంటుంది. చినుకులూ, పొగా, వంద మంది డాన్సర్లూ ఒకేసారి కదిలితే తెరంతా గళ్లే.

2007 నాటికి మోజర్ బేర్ 28 రూపాయలకి వీసీడీ, 34 రూపాయలకి డీవీడీ అమ్మడం మొదలుపెట్టింది. పైరసీకి ధరతోనే జవాబు చెప్పాలన్న ఆలోచన అది. కాస్త ఆలస్యమైంది. ఇంటర్నెట్ వచ్చేసింది. 2018లో ఆ కంపెనీని అమ్మేసి అప్పులు తీర్చమని ట్రిబ్యునల్ చెప్పింది.

ఫార్మాట్ పోతే పోయింది, సినిమా ఉంది కదా అనుకోవచ్చు. చిక్కు అక్కడే ఉంది. మన దగ్గర నిర్మాతలు నెగటివ్ హక్కులతో సహా అమ్మేసుకోవడం మామూలే. కొన్నవాళ్లకి కావలసింది టీవీకీ వీడియోకీ పనికొచ్చే ఒక టేపు. రీలు నుంచి ఒకసారి టేపు మీదకి ఎక్కించాక, రీలు ఏ ల్యాబ్‌లో ఏ డబ్బాలో ఉందో పట్టించుకోవాల్సిన అవసరం వ్యాపారానికి లేకపోయింది. డిజిటల్ వచ్చి ల్యాబ్‌లే మూతపడ్డాయి. ఇవాళ యూట్యూబ్‌లో హెచ్‌డీ అని రాసి ఉన్న పాత సినిమాల్లో చాలా వాటికి మూలం ఆ టేపే. పట్టుకోవడం తేలిక. టైటిల్స్ పడేటప్పుడు మనుషులు సన్నగా పొడుగ్గా ఉండి, దర్శకుడి పేరు వెళ్లగానే మామూలుగా మారిపోతే, అది అంచులు నరికిన పాత కాపీ. పేర్లన్నీ తెరలో పట్టాలని టైటిల్స్ వరకు నొక్కి ఉంచి, తర్వాత కోశారన్నమాట. ఫైలు సైజు పెంచినంత మాత్రాన పోయిన 43 శాతం తిరిగి రాదు.

గేమ్‌ల విషయంలోనూ ఇదే జరుగుతోంది, ఇంకా వేగంగా. 2008లో గీతా ఆర్ట్స్ హిందీలో తీసిన 'గజిని'కి ఒక పీసీ గేమ్ వచ్చింది. దాన్ని తయారు చేసింది హైదరాబాద్ కంపెనీ ఎఫ్ఎక్స్ ల్యాబ్స్. భారతీయ సినిమా మీద వచ్చిన మొదటి అసలైన 3డి పీసీ గేమ్ అని ప్రచారం చేశారు. 2017లో 'బాహుబలి' రెండో భాగంతో పాటు బెంగళూరు మూన్‌ఫ్రాగ్ ల్యాబ్స్ ఫోన్ గేమ్ తెచ్చింది. రెండూ సినిమా ప్రచారంలో భాగమే, అంటే పోస్టర్‌తో, ట్రైలర్‌తో పాటు ఇదొకటి. సినిమా వేడి తగ్గాక పోస్టర్‌ని ఎవరు దాస్తారు? గజిని గేమ్ డిస్కు ఎవరి బీరువాలోనైనా ఉంటే, పాత కంప్యూటర్ ఒకటి వెతికి ఆడుకోవచ్చు. సర్వర్ మీద ఆధారపడే ఫోన్ గేమ్‌కి ఆ అవకాశం కూడా లేదు. కంపెనీ స్విచ్ ఆపితే మన చేతిలో మిగిలేది ఐకాన్. ఈ ఊళ్లో కొన్ని నెలల పాటు కొంతమంది ఇంజినీర్లు చేసిన పని, సినిమా చరిత్రలోనూ రాదు, సాఫ్ట్‌వేర్ చరిత్రలోనూ రాదు.

ఇదంతా పాత వస్తువుల మీద మోజు అనుకుంటే 2022 ఆగస్టు గుర్తు చేసుకోండి. మహేశ్ బాబు పుట్టినరోజుకి 'పోకిరి' 4కె లో వచ్చి థియేటర్లు నిండిపోయాయి. ఆ తర్వాత రీరిలీజ్‌లు ఒక వ్యాపారమే అయ్యాయి. నెగటివ్ బాగుంటేనే నిజమైన 4కె. లేకపోతే టేపునే సాగదీసి పెద్ద తెర మీద వెయ్యాలి. 2010లో హైదరాబాద్ కంపెనీ గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ 'మాయాబజార్'కి రంగులద్దినప్పుడు, ప్రింటు బాగాలేని కొన్ని పాటలూ సన్నివేశాలూ వదిలెయ్యాల్సి వచ్చింది. మన అందరికీ బట్టీ వచ్చిన సినిమా పరిస్థితే అది. మొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'కి అసలు ప్రింటే లేదు.

కాస్త మంచి కబురు కూడా ఉంది. 2019 డిసెంబర్‌లో ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ సినిమాల్ని భద్రపరచడం, బాగుచెయ్యడం మీద వారం రోజుల వర్క్‌షాప్ పెట్టింది. వేదిక అన్నపూర్ణ స్టూడియోస్. 2024లో అక్కినేని శతజయంతికి అదే సంస్థ ఆయన సినిమాలు పదింటిని దేశంలో పాతిక ఊళ్లలో ప్రదర్శించింది. రీలుని డబ్బాలో చల్లగా ఎలా దాచాలో నేర్పే చదువు ఎట్టకేలకు జూబ్లీహిల్స్ దాకా వచ్చింది.

ఈలోగా మన ఇళ్లలో పని ఉంది. అటకల మీద వోల్గా వీడియో, శ్రీ బాలాజీ వీడియో కవర్లలో డిస్కులు పడి ఉంటాయి. పాత సామాన్లవాడికి వేసే ముందు ఒకసారి ప్లే చేసి చూడండి. మూడు డిస్కుల సెట్ అయితే యూట్యూబ్ కాపీ పక్కన పెట్టి నిడివి పోల్చండి. అక్కడ లేని పాట ఒకటి ఇక్కడ దొరకొచ్చు. బొమ్మ గళ్లుగళ్లుగానే ఉంటుంది. అయినా రేపు ఎవరైనా నెగటివ్ వెతికి పట్టుకుని అతుకులు వేసేటప్పుడు, ఏ సీన్ తర్వాత ఏ సీనో చెప్పడానికి ఆ 57 వేల చుక్కలు చాలు.