గోదావరి నేర్పిన వర్తకపు లెక్క



గోదావరీ ప్రాణహితలు సంగమించు కాళేశ్వరమున, ఒకే పానవట్టముపై వెలసిన కాళేశ్వర ముక్తీశ్వరులను సేవింప యాత్రికులు తరతరములుగా వచ్చుచున్నారు. సుమారు నూటయరువది యేండ్లకు పూర్వము మాత్రము వేఱొక తెగ వారు ఈ ప్రవాహమును వేఱొక దృష్టితో చూచిరి. వారు ప్రత్తివర్తకులు, ఇంజనీర్లు. వారి కథయందు మన పిల్లలకు నేర్పదగిన లెక్క యొకటి కలదు. దానిని నేడు విన్నవింతును.

ధవళేశ్వరమున 1852 నాటికి ఆనకట్టను ముగించిన ఆర్థర్ కాటన్ దొర, గోదావరి యెగువ భాగమును గూడ పడవల మార్గముగా జేయదలచెను. బీరారు, నాగపురము ప్రాంతముల ప్రత్తిని బండ్లపై నీడ్చుటకంటె, ప్రాణహిత మీదుగా సముద్రతీరమునకు దింపుట చౌక యని యాయన వాదము. 1860 సంధివలన నిజాము సిరోంచ ప్రాంతమును ఆంగ్లేయుల కొసగెను. ఉభయ రాజ్యములకును సరిహద్దయిన యీ నదిపై నడచు సరకులకు సుంకము వలదనియు నిర్ణయమయ్యెను.

ఇంతకును వీరు తగ్గింపగోరిన దేమి? అమ్మిన సరకుయొక్క అసలు వెల. వర్తకుడు సరకు కొన్న ధర, దానిని అంగడికి చేర్చిన కిరాయి, త్రోవలో కట్టిన సుంకము, ఇవన్నియు నందు చేరును. అంగడి యద్దె, గుమాస్తా జీతము, అప్పుపై వడ్డీ ఇందు చేరవు. అవి మిగులునుండి తీర్పవలసినవి.

ఒక యుదాహరణము. కాళేశ్వరమున పుష్కరములకు ఒక యువకుడు పూజాద్రవ్యముల యంగడి పెట్టె ననుకొందము. మొదట నున్న సరకు 2,000 రూపాయలు. కిరాయితో గూడ క్రొత్తగా కొన్నది 10,000. తుదకు మిగిలిన సరకు 3,000. కావున అమ్మిన సరకు వెల 9,000. అమ్మకమువలన వచ్చినది 12,000. తొమ్మిదింటిని పండ్రెండింట భాగించి నూటితో గుణింపగా 75 వచ్చును. అనగా వచ్చిన ప్రతి నూరు రూపాయలలో 75 సరకునకే పోయినవి. మిగిలిన 3,000 నుండి యద్దెయు జీతమును వడ్డీయు తీరవలెను.

ఇప్పుడు అమ్మకము మారలేదు గాని కిరాయి పెరిగి, ఆ 9,000 కాస్త 9,600 అయ్యెననుడు. నిష్పత్తి 80 అగును. నూటికి అయిదే గదా పెరిగిన దని తోచును. కాని మిగులు 3,000 నుండి 2,400 కు దిగెను, అయిదవ వంతు తరిగెను! అంగళ్లు మునుగునది తఱచుగా ఇచటనే.

ఇక నది కథకు వత్తము. ప్రవాహమునకు మూడుచోట్ల రాతి యడ్డంకులుండెను. దుమ్ముగూడెమున నొకటి, కాళేశ్వరమునకు దిగువ ఇచ్చంపల్లికడ నొకటి, ప్రాణహితపై దేవలమరికడ నొకటి. వానిని దాటించుటకు కాలువలు, ఆనకట్టలు తలపెట్టిరి. ఎగువ పాయలో నీరు చాలునది సంవత్సరమున కొన్ని నెలలే. అడ్డంకికడ ప్రత్తిబేళ్లను దింపి, మోసి, మరల నెక్కింపవలెను. ప్రతి దింపుడును సరకు వెలకు చేరును. సుంకము తొలగినను ఈ కూలి తొలగలేదు.

1861 నుండి 1865 వఱకు అమెరికాలో అంతర్యుద్ధము జరుగగా మన ప్రత్తికి వెల హెచ్చెను. వెల హెచ్చినపుడు ఎంతటి కిరాయియైనను భరింపవచ్చును. యుద్ధము ముగియగా వెల దిగెను. 1867 లో బొంబాయి రైలు నాగపురము చేరెను. ఏడాది పొడవునను నడచు రైలుండగా నీటికై వర్తకు డేల వేచియుండును? 1871 లో ఎగువ గోదావరి పనులు నిలిచిపోయెను.

అయినను సిరోంచ టేకు మాత్రము రాజమహేంద్రవరమునకు చేరుచునే యుండెను. ఏలయన, దుంగలను తెప్పలుగ గట్టి వరదలో విడిచిన అవియే తేలిపోవును. తడిసినను చెడవు. నది యొక్కటే, కాని సరకునుబట్టి లెక్క మారినది.

అన్ని వర్తకములకును ఒకే నిష్పత్తి తగదు. ధాన్యపు వర్తకునకు నూటికి 95 అయినను, సరకు వడివడిగా మారినచో బ్రదుకు గడచును. నెలకొక్క వస్తువు నమ్మువానికి 50 అయినను చాలకపోవచ్చును. కావున ఏ యంగడికైనను దాని నిరుటి లెక్కతోడను, అట్టి యంగడులతోడను పోల్చి చూడవలెను.

2025 మేలో సరస్వతీ పుష్కరములకు కాళేశ్వరము జనసంద్రమయ్యెను. అట్టి సందడి చూచి అంగడి పెట్టుటకై పిల్లలు మీయొద్దకు అప్పునకో హామీకో వత్తురు. "ఎంత యమ్ముదువు?" అని మాత్రమే యడుగకుడు. "నూరు రూపాయల యమ్మకమున సరకునకు పోవున దెంత? కిరాయి పెరిగినచో నెంత?" అని యడుగుడు. కాగితముపై వ్రాసి చూపుమనుడు. ఆ రెండు ప్రశ్నలు ఒక కుటుంబపు పొలమును తాకట్టునుండి కాపాడవచ్చును.