బొంతకు అస్తరు
సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల ప్రాంతముల నేతయిండ్ల చరిత్రలో నొక పుట

మహాసభా సంచికకు కులచరిత్రనుగూర్చి యేదైన వ్రాసి పంపుడని కార్యదర్శిగారు మమ్ము గోరిరి. మార్కండేయ మహర్షినిగూర్చియు, పద్మనాళముల నూలుతో దేవతలకు వస్త్రము నేసిన భావనాఋషినిగూర్చియు పండితులు చాల వ్రాసియున్నారు. మేము బడిలో ముప్పదియేండ్లు శబ్దమంజరి వల్లెవేయించినవారమే గాని పురాణపరిశోధకులము గాము. కావున ప్రతి యింట అటకమీద మడతబెట్టియుండు బొంతను దింపి, అందును దాని యడుగుబట్టను, అనగా అస్తరును, చదువరులకు జూపదలచితిమి. పట్టుచీరల ముచ్చట గోరు పోషకులు మన్నింతురుగాక.

బొంతకు సంస్కృతమున కంథ యని పేరు. భర్తృహరి వైరాగ్యశతకమున కౌపీనముతోపాటు కంథను విరాగి సొత్తుగా జెప్పెను. పాణిని సూత్రములలోని కంథాశబ్దమునకు ఊరిపేళ్లతో సంబంధము. అది వేఱు చర్చ. ‘గంతకు తగిన బొంత’ యను మన సామెతలో గంత యనగా పశువు వీపున గట్టెడి జీను. క్రిందిమెత్త సరిగా లేనిచో వీపు పుండగును. ఆ సామెత చెప్పినవానికి అస్తరు విలువ తెలియునని మా నమ్మకము. వంగదేశపు కాంథాయు, మహారాష్ట్రుల గోధడియు ఈ జాతివే. బ్రతుకుదెరువునకై భివండికిని షోలాపురమునకును బోయిన మనవారు గోధడి నెఱుగుదురు. ఉత్తరకన్నడమందలి సిద్దీ స్త్రీలు కవంది యను బొంతకు అడుగున చీరను బఱచి, అంచునుండి నడుమకు గుట్టుకొని వత్తురు.

మా తల్లి బొంత గుట్టబూనినపుడు మొదట వెదకునది మీదిబట్ట గాదు, అస్తరు. మీదిబట్ట కన్నులకు, అస్తరు ఒంటికి అని యామె లెక్క. క్రొత్తబట్టను సాధారణముగా వాడెడిది గాదు. క్రొత్త నూలుబట్ట గంజితో బిఱుసుగా నుండి తొలి యుతుకుతోనే కుదియును. నడుమ పొరలు పాతవగుటచే కుదియవు. అంతట బొంత యంతయు ముడుతలు పడును. తప్పనిసరియై క్రొత్తది తెచ్చినచో రాత్రియంతయు నానబెట్టి, గంజి పోవునట్లుతికి, యెండబెట్టి, మఱల నొకమారు తడిపి యారవేసిన పిమ్మటనే చేతబట్టెడిది. మిక్కిలి పాతదియు పనికిరాదు. చీరను దీపమున కడ్డముగా బట్టి, పోగులు పలుచనైన చోటు విడిచి, బొటనవ్రేళ్లతో లాగి చూచి, చిరుగనిదానినే యేర్పఱచుకొనెడిది.

ఆరుగజముల చీరను నడుమ చింపి రెండు తునకలను ప్రక్కప్రక్కన జేర్చినచో మూడుగజముల పొడవును, ఇంచుమించు రెండున్నర గజముల పన్నాయు వచ్చును. చేర్చుటకు ముందు గట్టి అంచులను గత్తిరించి తీసివేయవలెను. అంచున పోగులు దట్టములగుటచే సూది దిగదు. ఉతికినపుడు అది యొకతీరుగను, నడుమబట్ట యొకతీరుగను లాగును. పిదప అస్తరును లోపలివైపు పైకి వచ్చునట్లు నేలపై బఱచి, నాలుగు మూలల రాళ్లుంచి, ముడుతలు దీయవలెను, బిగలాగరాదు. మీది పొరలకంటె నలువైపుల నాలుగేసి వ్రేళ్లు అస్తరు ఎక్కువ యుండవలెను. కుట్టుకొలది బట్ట కుదియును. మిగిలినదానిని మీదికి మడచి కుట్టినచో అదియే బొంతకు అంచగును. మేము లెక్కల పంతులము గాకపోయినను ఈ లెక్కను పిల్లలకు పలుమారు చెప్పితిమి.

ఇక చరిత్ర. ఎలగందుల జిల్లా 1905లో కరీంనగరు జిల్లా యయ్యెను. 2016 అక్టోబరు 11న అందుండి జగిత్యాలయు సిరిసిల్లయు వేఱుజిల్లాలయ్యెను. కోరుట్ల జగిత్యాలలో జేరెను. ఇవి కాగితములపై నున్నవి. ఇండ్లలో జరిగినది మాత్రము బొంతల యడుగుననున్నది. సిరిసిల్లలో గుంటమగ్గములు తగ్గి సాంచెలు పెరిగెను. నూలు తగ్గి పాలియెస్టరు పెరిగెను. 2017 మొదలు కొన్నియేండ్లు బతుకమ్మ చీరలు నేసినవి ఆ సాంచెలే. అవి వేలమందికి కూడు పెట్టినవి. వానిని నిందించుట కృతఘ్నత యగును. అయినను ఇంట పాతబడిన చీర నూలుచీర కానిచో నూలు అస్తరు ఎచ్చటనుండి వచ్చును? జగిత్యాల, కోరుట్లల యాడువారికి బీడీలు చుట్టుటతోనే ప్రొద్దు గ్రుంకును. గల్ఫునకు బోయిన కొడుకులు తెచ్చిన బొచ్చుదుప్పట్లు పెట్టెలు నిండెను. బొంత యెవరికి గావలెను?

మాకు గావలసియుండెను, కాని మేమును దప్పు చేసితిమి. ఉద్యోగమున నుండగా నొక యేడు నిగనిగలాడు పాలియెస్టరు బట్టను అస్తరునకు దెచ్చితిమి. ‘కొడుకా, గీ బట్ట చెమట తాగదు, చాప మీద నిలువదు’ అని మా తల్లి యనెను. మేము వినలేదు. చలికాలమంతయు బొంత చాపమీదనుండి జాఱుచునే యుండెను. ఒకనాడు కుంపటిలోని నిప్పురవ్వ పడి అస్తరు కరగి, యరచేతియంత కంత పడెను. ఆమె యేమియు ననలేదు. కుట్లన్నియు విప్పి, మా తండ్రి గుంటమగ్గముపై చివరగా నేసిన నూలుచీరను, తాను రెండుమూడుమార్లే కట్టినదానిని, పెట్టెనుండి తీసి చింపెను. మేము వారింపబోగా, పెట్టెలోనున్నచో దానిని పురుగు కట్టుకొనునని నవ్వెను.

సిరిసిల్ల నేతగాడు నల్ల పరంధాములుగారు అగ్గిపెట్టెలో నిముడు చీరను నేసి కీర్తి గడించిరి. అది మనకందఱకు గర్వకారణమే. మా తండ్రి నేసిన ముతకచీర మాత్రము బొంతక్రింద చాపను రాచుకొనుచు నిన్నియేండ్లు నిలిచెను. మా తల్లి గతించిన పిమ్మట నది నడుమ పలుచనై పోగులు కనబడజొచ్చెను. అస్తరు మార్చినచో బొంత నిలుచును, చీర పోవును. మార్చనిచో రెండును బోవును. కోరుట్లలో బీడీలు చుట్టు మా మేనకోడలికి ఈ సంగతి చెప్పితిమి. ఆమె తన యత్తగారి నూలుచీరలు రెండు, ఉతికి మడచి, బస్సులో వచ్చువారిచేతికిచ్చి పంపెను. పాత అస్తరును విప్పక, దానిమీదనే వానిని బఱచి, అంచులు కత్తిరించి, నలువైపుల నాలుగేసి వ్రేళ్లు విడిచి, మా భార్యయు మేమును కుట్టుచున్నాము. మాకు కన్ను సరిగా నానదు. సూదికి దారమెక్కించుట మనుమరాలి పని. ఇప్పటికి సగము పూర్తియైనది.