పాతకాలపు స్పోర్ట్స్ కార్లు: మాన్యువల్ గేర్లు, ఆటోమేటిక్ గేర్లు

కారు నడిపే విద్యలో రెండు పద్ధతులు ఉన్నాయి. ఎడమ కాలి కింద క్లచ్, నడుమ బ్రేకు, కుడివైపు యాక్సిలరేటర్ ఉండి, గేర్లను డ్రైవరు చేతితో మార్చేది మాన్యువల్ పద్ధతి. క్లచ్ పెడల్ లేకుండా, గేర్లను యంత్రమే మార్చుకునేది ఆటోమేటిక్ పద్ధతి. పాతకాలపు స్పోర్ట్స్ కార్ల విషయంలో మాన్యువలే అసలైనదని, ఆటోమేటిక్ కేవలం సుఖం కోరేవారి కోసమని ఒక అభిప్రాయం బలంగా నాటుకుపోయింది. చరిత్రను పరిశీలిస్తే ఈ మాట సగమే నిజమని తెలుస్తుంది. అమెరికాకు చెందిన షెవర్లే కార్వెట్ ఇందుకు చక్కని ఉదాహరణ. 1953లో రెండు పెడళ్ళతో పుట్టిన ఈ కారు, మూడు పెడళ్ళతో కీర్తి గడించి, 2020 మోడల్‌తో తిరిగి రెండు పెడళ్ళకే చేరుకుంది.

గేర్ల అవసరం

ఇంజను మెల్లగా తిరిగేటప్పుడు దాని శక్తి తక్కువ. నిలిచి ఉన్న బండిని కదిలించడానికి మాత్రం చక్రాల వద్ద ఎక్కువ బలం కావాలి. బండి పరుగందుకున్న తరువాత బలం కంటే వేగం ముఖ్యం. దుక్కి దున్నే ట్రాక్టరు చిన్న గేరులో మెల్లగా, బలంగా సాగడం, రోడ్డెక్కిన తరువాత పెద్ద గేరులో పరుగెత్తడం రైతు కుటుంబాలకు తెలిసిన విషయమే. ఇంజను వేగాన్ని బలంగానూ, బలాన్ని వేగంగానూ మార్చి చక్రాలకు అందించేదే గేర్‌బాక్స్.

మాన్యువల్ పద్ధతి

ఇంజనుతో పాటు తిరిగే ఫ్లైవీలుకు క్లచ్ ప్లేటు స్ప్రింగుల బలంతో అదిమి పట్టి ఉంటుంది. పెడల్ తొక్కితే ప్లేటు విడిపోయి, ఇంజనుకూ గేర్‌బాక్సుకూ సంబంధం తెగుతుంది. ఆ క్షణంలో డ్రైవరు గేరు మార్చి, పెడల్ వదులుతాడు. ప్లేటు పూర్తిగా అతుక్కున్న తరువాత అక్కడ జారుడు ఉండదు. ఇంజను శక్తిలో అత్యధిక భాగం చక్రాలకు చేరుతుంది. మాన్యువల్ పద్ధతికి ఉన్న మొదటి బలం ఇదే.

తొలినాటి గేర్‌బాక్సులలో వేర్వేరు వేగాలతో తిరిగే పళ్ళ చక్రాలను కలపడం కష్టమైన పని. క్లచ్‌ను రెండుసార్లు తొక్కి, నడుమ ఇంజను వేగాన్ని సరిచూసుకుంటే తప్ప గేరు శబ్దం లేకుండా పడేది కాదు. పాత లారీలు నడిపిన డ్రైవర్లకు ఈ విద్య బాగా తెలుసు. రెండు చక్రాల వేగాన్ని ముందుగానే సమానం చేసే సింక్రోమెష్ అనే అమరికను 1928లో కాడిలాక్ కార్లలో ప్రవేశపెట్టారు. అయినా అది అన్ని గేర్లకూ విస్తరించడానికి చాలా కాలం పట్టింది. 1961లో వెలువడిన ప్రసిద్ధ జాగ్వార్ ఈ-టైప్ కారులో సైతం మొదటి గేరుకు సింక్రోమెష్ లేదు. 1964లో 4.2 లీటర్ల ఇంజనుతో పాటే ఆ లోపం తీరింది.

ఆటోమేటిక్ పద్ధతి

రెండు ఫ్యాన్లను ఎదురెదురుగా ఉంచి ఒకదానిని తిప్పితే, ఆ గాలికి రెండవది కూడా తిరుగుతుంది. గాలికి బదులు నూనె ఉంటే అదే ఆటోమేటిక్ పద్ధతికి మూలం. ఇంజను తిప్పే పంపు నూనెను విసురుతుంది, ఆ నూనె ఎదుటి టర్బైనును తిప్పుతుంది. రెండింటి నడుమ స్టేటర్ అనే మూడవ భాగాన్ని అమర్చి, తిరిగి వచ్చే నూనె దిశను మళ్ళిస్తే, బండి బయలుదేరే సమయంలో బలం పెరుగుతుంది. దీనినే టార్క్ కన్వర్టర్ అంటారు. నూనె ఒత్తిడితో పనిచేసే వాల్వులు, బ్యాండ్లు సమయం చూసి గేరు మారుస్తాయి. అయితే నూనెలో జారుడు తప్పదు. జారిన మేరకు శక్తి వేడిగా మారి వృథా అవుతుంది. పాత ఆటోమేటిక్ కార్లు మందకొడిగా ఉన్నాయనే మాటకు ఇది ఒక కారణం. గేర్ల సంఖ్య తక్కువగా ఉండడం మరొక కారణం.

జనరల్ మోటార్స్ సంస్థ 1940 మోడల్ ఓల్డ్స్‌మొబిల్ కార్లతో హైడ్రమాటిక్ అనే నాలుగు గేర్ల ఆటోమేటిక్‌ను అమ్మకానికి తెచ్చింది. 1950లో షెవర్లే కార్లకు పవర్‌గ్లైడ్ వచ్చింది. అందులో ముందుకు పోవడానికి ఉన్న గేర్లు రెండే.

కార్వెట్ ఉదంతం

1953 జూన్ 30న మిషిగన్ రాష్ట్రంలోని ఫ్లింట్‌లో మొదటి కార్వెట్ తయారైంది. ఆ సంవత్సరం 300 కార్లే చేశారు. వాటన్నిటికీ ఆరు సిలిండర్ల, 150 అశ్వశక్తుల ఇంజను, రెండు గేర్ల పవర్‌గ్లైడ్ అమర్చారు. ఆనాడు బ్రిటన్ నుండి వచ్చే ఎం.జి., జాగ్వార్ స్పోర్ట్స్ కార్లకు నాలుగు గేర్ల మాన్యువల్ ఉండేది. వాటితో పోల్చి చూసినవారికి కార్వెట్ రూపంలో స్పోర్ట్స్ కారుగానూ, నడకలో మామూలు కారుగానూ కనిపించింది. 1954లో 3,640 కార్లు తయారు చేయగా, చాలా కార్లు అమ్ముడుపోక నిలిచిపోయాయి. 1955లో తయారీ 700కు పడిపోయింది. అదే సంవత్సరం మాన్యువల్, ఆటోమేటిక్ రెండూ ఇచ్చిన ఫోర్డ్ థండర్‌బర్డ్ పదహారు వేలకు పైగా అమ్ముడైంది. కార్వెట్ తయారీ ఆగిపోయే స్థితి ఏర్పడింది.

ఈ వైఫల్యానికి గేర్లే ఏకైక కారణమని చెప్పలేము. ఇంజను బలం చాలకపోవడం కూడా కారణమే. 1955లో ఎనిమిది సిలిండర్ల వి-8 ఇంజను, ఆ మోడల్ చివరి కాలంలో మూడు గేర్ల మాన్యువల్ వచ్చాయి. 1957లో 283 అశ్వశక్తుల ఇంజను, నాలుగు గేర్ల మాన్యువల్ తోడయ్యాయి. కార్వెట్‌ను నిజమైన స్పోర్ట్స్ కారుగా తీర్చిదిద్దడంలో ఇంజనీరు జోరా అర్కస్-డంటోవ్ పాత్ర ముఖ్యమైనది.

పందెంలో ఆటోమేటిక్

క్లచ్ పెడల్ లేని కారు పందేలకు పనికిరాదనే మాటను 1960 దశకమే తోసిపుచ్చింది. అమెరికాలో జిమ్ హాల్ రూపొందించిన చాపరల్ కార్లలో టార్క్ కన్వర్టర్ ఉండేది. వాటిలో ఒకటి 1965లో సీబ్రింగ్ 12 గంటల పందెంలో గెలిచింది. 1966 నాటి చాపరల్ 2ఈ కారులో, క్లచ్ లేనందువల్ల ఖాళీగా ఉన్న ఎడమ కాలికి కొత్త పని అప్పగించారు. కారు వెనుక ఎత్తున అమర్చిన రెక్క వాలును ఆ కాలితో మార్చేవారు.

జర్మనీకి చెందిన పోర్షే సంస్థ మధ్యే మార్గం ఎంచుకుంది. 1967లో 911 కారుకు తెచ్చిన స్పోర్టోమాటిక్‌లో గేరు మార్చేది డ్రైవరే. గేరు రాడ్డు మీద చేయి వేయగానే లోపలి స్విచ్ పనిచేసి క్లచ్ తనంతట తాను విడిపోయేది. ఈ అమరిక గల 911ఆర్ కారు 1967లో నూర్బర్గ్‌రింగ్‌లో 84 గంటల మారథాన్ డి లా రూట్ పందెం గెలిచింది. అయినా కొనుగోలుదారుల ఆదరణ తగ్గి, 1980లో స్పోర్టోమాటిక్‌ను నిలిపివేశారు. 2020లో భారతదేశంలో హ్యుందాయ్ వెన్యూ కారుకు వచ్చిన ఐ.ఎం.టి. పద్ధతి మూలసూత్రం ఇటువంటిదే.

సుఖ ప్రయాణం కోరిన కార్లు

దూర ప్రయాణాల కోసం చేసిన కార్లలో ఆటోమేటిక్ సహజంగా ఇమిడింది. జాగ్వార్ 1966లో ఈ-టైప్ కారును 9 అంగుళాలు పొడిగించి, వెనుక సీట్లతో పాటు ఆటోమేటిక్‌ను కూడా ఇచ్చింది. 1976లో ఫెరారీ సంస్థ తన మొదటి ఆటోమేటిక్ కారైన 400 మోడల్‌కు జనరల్ మోటార్స్ చేసిన మూడు గేర్ల యంత్రాన్నే తీసుకుంది. ఎడమ కాలికి గాయమైనవారు, మోకాళ్ళ నొప్పులున్నవారు సైతం ఇటువంటి కార్లను నడపగలరు. ఈ మేలును తక్కువ చేసి చూడరాదు.

పాత కారు కొనేవారు గమనించవలసినవి

• పాత కారు విలువ, అది ఫ్యాక్టరీ నుండి వచ్చినప్పటి అమరిక మీద ఆధారపడుతుంది. కార్వెట్ ఇంజనుపై చెక్కిన సంకేతాక్షరాలను బట్టి అది ఏ గేర్‌బాక్సుతో వచ్చిందో గుర్తించవచ్చు. ఆటోమేటిక్‌ను తొలగించి మాన్యువల్ బిగించిన కారును అసలు మాన్యువల్ కారుగా లెక్కించరు.
• మాన్యువల్‌లో క్లచ్ ప్లేటు, సింక్రోమెష్ రింగులు అరుగుతాయి. గేరు వేసేటప్పుడు వచ్చే కరకర శబ్దం దీనికి సూచన.
• ఆటోమేటిక్‌లో నూనె నల్లబడినా, కాలిన వాసన వచ్చినా లోపలి భాగాలు దెబ్బతిన్నట్లు అనుమానించాలి.
• ఆటోమేటిక్ కార్లలో చాలావాటిని తోసి స్టార్టు చేయలేము. ఇంజను ఆగి ఉంటే నూనె పంపు తిరగదు కనుక, ఇంజను తిప్పే చక్రాలు నేలమీద ఉండగా దూరం లాక్కుపోవడం హానికరం.

ముగింపు

1982 మోడల్ కార్వెట్‌ను కూడా ఆటోమేటిక్‌తోనే అమ్మారు. ఆ తరువాత మళ్ళీ మాన్యువల్ వచ్చి 2019 వరకు కొనసాగింది. 2020 మోడల్‌లో మాన్యువల్‌ను పూర్తిగా తొలగించి, రెండు క్లచ్‌లు గల ఎనిమిది గేర్ల యంత్రాన్ని అమర్చారు. ఒక క్లచ్ బేసి సంఖ్య గేర్లను, మరొకటి సరి సంఖ్య గేర్లను చూసుకుంటాయి. ఒక గేరు పనిచేస్తుండగానే తరువాతి గేరు సిద్ధంగా ఉంటుంది. ఆ వేగంతో గేరు మార్చడం మనిషి చేతికి, కాలికి సాధ్యం కాదు.

1953లో క్లచ్ పెడల్ లేకపోవడం కార్వెట్‌కు లోపమైంది. 2020లో అదే వేగానికి సాధనమైంది. కాబట్టి లోపం ఆటోమేటిక్ అనే ఆలోచనలో లేదు, రెండే గేర్లతో నూనెలో జారిన ఆనాటి యంత్రంలో ఉంది. వేగమే కొలమానమైతే నేడు మాన్యువల్ వెనుకబడినట్లే. అయినా పాత మాన్యువల్ కార్లను కోరి కొనేవారు ఉన్నారు. ఇంజను శబ్దం విని, చేయి, కాలు ఒక్కటిగా కదిపి గేరు మార్చే నేర్పుకు అటువంటి బండిలోనే పని ఉంటుంది.