మొహం మీద గాటు: ఆఫ్రికా ఒంటి మీద రాసుకున్న చరిత్ర

ఈసారి పోస్టు కొంచెం పొడుగు, తీరిక దొరికినప్పుడు చదవండి.

పదో తరగతి మెమో కోసం పుట్టుమచ్చలు రాయించుకున్న రోజు మనందరికీ గుర్తుండే ఉంటుంది. సార్ రిజిస్టరు ముందేసుకుని ఒక్కొక్కరినీ పిలుస్తారు. మనం మెడ తిప్పో, చొక్కా చెయ్యి పైకి లాగో రెండు మచ్చలు చూపించాలి. మా హాస్టల్లో మాతో చదివిన ఒకమ్మాయికి ముంజేతి మీద పచ్చబొట్టు ఉండేది. వాళ్ళ నాయనమ్మ దగ్గరుండి పొడిపించింది. ఆ పిల్ల అదే చూపించింది. "అది కాదమ్మా, పుట్టుకతో వచ్చింది చూపించు" అన్నారు సార్. ఆయన తప్పేం లేదు, ఆ గడిలో రాయాల్సింది పుట్టుమచ్చే. కానీ వెనక బెంచీలోంచి ఎవరో నవ్వారు. ఆ తర్వాత ఇంటర్ రెండేళ్ళూ ఆ పిల్ల ఫుల్ హ్యాండ్స్ డ్రెస్సులే వేసుకుంది.

అలాంటి రిజిస్టరు గడి ఒకటి ఆఫ్రికా చరిత్రలో కూడా ఉంది. ఈ పోస్టు దాని గురించే. కాకపోతే అక్కడికి చేరాలంటే కాస్త చుట్టు తిరిగి రావాలి.

ముందు ఒక మాట. "ఆఫ్రికా వాళ్ళు మొహాలు కోసుకుంటారు" అని ఒక్క ముక్కలో తేల్చేయడం, "ట్రైబల్స్ అంటే ఆకులు కట్టుకుని డ్యాన్స్ చేస్తారు" అని మన గురించి తేల్చేయడం లాంటిదే. యాభైకి పైగా దేశాలు, వందల భాషలు. కొందరికి గాట్లున్నాయి, కొందరికి పచ్చబొట్లున్నాయి, చాలామందికి ఏవీ లేవు. పక్కపక్క ఊళ్ళలోనే తేడాలుంటాయి.

పచ్చబొట్టు అక్కడ చాలా పాతది. ఈజిప్టులో గెబెలైన్ దగ్గర ఇసుకలో దొరికిన ఒక మగమనిషి శవం ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. అతని చేతి మీద నల్లటి మరక ఉందని అందరికీ తెలుసు కానీ ఎవరూ పట్టించుకోలేదు. ఇన్‌ఫ్రారెడ్ ఫోటోలు తీసి చూస్తే అది అడవి ఎద్దు, కొమ్ముల గొర్రె బొమ్మలని తేలింది. ఆ సంగతి 2018లో బయటపెట్టారు. అతను బతికింది అయిదు వేల ఏళ్ళ కిందట. అంటే పిరమిడ్ల కంటే ఆ పచ్చబొట్టే పాతది.

ఉత్తరాన అమజిఘ్ ఆడవాళ్ళు (బయటివాళ్ళు వీళ్ళని బెర్బర్లు అన్నారు) గడ్డం మీద, నుదుటి మీద పచ్చబొట్లు పొడిపించుకునేవాళ్ళు. సహారా ఎడారి దాటి దక్షిణానికి వస్తే ఎక్కువ కనిపించేవి గాట్లు. నల్లటి ఒంటి మీద మసి పెట్టి పొడిచిన గీత అంతగా కనపడదు, ఉబ్బిన మచ్చ అయితే నీడ పడి బాగా కనపడుతుంది, అందుకే గాట్లు అని చెప్తారు. చూడటానికే కాదు, చీకట్లో చేత్తో తడిమినా తెలుస్తుంది. చేసే పద్ధతి కూడా ఒకటి కాదు. సన్నటి కత్తితో గీసి వదిలేస్తే పల్లపు గీత పడుతుంది. ముల్లుతోనో కొక్కెంతోనో చర్మాన్ని పైకి లేపి కొస కోస్తే మానేటప్పుడు గింజలాగా ఉబ్బుతుంది. బొగ్గుపొడో బూడిదో ఆకుపసరో రుద్దితే రంగు, ఉబ్బు రెండూ నిలుస్తాయి. ఇది ఎవరు పడితే వాళ్ళు చేసే పని కాదు. నైజీరియాలో యొరుబా వాళ్ళు ఈ పని చేసేవాళ్ళని ఒలోలా అంటారు, తరతరాలుగా అదే వృత్తి.

యొరుబాల మొహం గుర్తులకి ఒక్కోదానికీ పేరుంది. పెలే, అబాజా, గొంబో ఇలా. బుగ్గ మీద మూడు చిన్న గీతలా, అడ్డంగా వరుసలు తీరిన గీతలా, చెవి దాకా వంగిన గీతలా అన్నదాన్ని బట్టి ఇతను ఏ ఊరివాడు, ఏ ఇంటివాడు అని చెప్పేసేవాళ్ళు. యొరుబాల చరిత్ర రాసిన శామ్యూల్ జాన్సన్ (ఆయన పుస్తకం 1921లో అచ్చయింది) ఈ గుర్తులు ఎలా పుట్టాయో ఒక కథ చెప్పాడు. షాంగో అనే రాజు మాట తప్పిన సేవకుడి ఒంటి మీద 122 గాట్లు పెట్టించాడట. అవి మానాక చూస్తే అంతఃపురంలో ఆడవాళ్ళకి ఆ గీతలు తెగ నచ్చేశాయట. అప్పట్నుంచి ఇది శిక్ష కాదు, రాజవంశానికి గుర్తు అన్నారట. రాజు తనకీ పెట్టించుకోబోయి రెండు గాట్లకే ఇక చాలన్నాడని కూడా ఆ కథలో ఉంది. కథ నిజమో కాదో పక్కన పెట్టండి. ఒకే గాటు శిక్షగానూ ఉంటుంది, గౌరవంగానూ ఉంటుందని వాళ్ళకి అప్పుడే తెలుసు.

ఇంకొకటి. మన ఆచారాల గురించి మాట్లాడేటప్పుడు "అనాది నుంచీ మార్పు లేకుండా" అంటుంటాం కదా, మనమే అంటాం. నైజీరియాలోనే టివ్ అనే జనం ఉన్నారు. పాల్ బోహానన్ అనే ఆంత్రోపాలజిస్టు 1949 నుంచి కొన్నేళ్ళు వాళ్ళ మధ్య ఉండి గాట్ల అందం గురించి రాశాడు. టివ్‌లలో ప్రతి తరానికీ ఒక ఫ్యాషన్. తండ్రుల కాలం నాటి గాట్లు కొడుకులకి పాతకాలపువిగా కనిపించేవి. మనం తాతల ఫోటోల్లో బెల్‌బాటమ్ ప్యాంట్లు చూసి నవ్వుకున్నట్టే. మొహం చూసి వయసు లెక్క కట్టొచ్చన్నమాట. నొప్పి ఉండదా అని అడిగితే, నొప్పి లేకపోతే దాన్ని ఎవరు చూస్తారు అన్నట్టు జవాబొచ్చిందట. అందంగా ఉండటానికి కష్టపడ్డావని చుట్టూ ఉన్నవాళ్ళకి తెలియడం కూడా అందంలో భాగమే వాళ్ళకి.

ఇప్పుడు ఇగ్బోల దగ్గరికి వద్దాం, మా మనసులో బాగా నిలిచిపోయింది వీళ్ళ కథే. ఇగ్బోలలో పెద్దమనిషి హోదా పొందినవాళ్ళ నుదుటి మీద పెట్టే గాట్లని ఇచి అంటారు. 1938లో ఇగ్బో-ఉక్వు అనే ఊళ్ళో ఒకాయన ఇంటి దగ్గర నీళ్ళ తొట్టి కోసం తవ్వుతుంటే కంచు వస్తువులు బయటపడ్డాయి. తర్వాత పద్ధతిగా తవ్వి, అవి తొమ్మిది, పదో శతాబ్దాల నాటివని లెక్క తేల్చారు. వాటిలో ఉన్న మనిషి మొహం బొమ్మల మీద ఇచి లాంటి గీతలే ఉన్నాయి. వెయ్యేళ్ళన్నమాట.

ఆ గాటు అందుకోవాల్సిన పిల్లాడు ఒకడు అందుకోలేకపోయాడు. పేరు ఒలౌదా ఎక్వియానో. 1789లో లండన్‌లో తన జీవితకథ అచ్చు వేయించాడు. తండ్రి ఊరి పెద్ద, తగువులు తీర్చేవాడు. నుదుటి మీద చర్మాన్ని పైనుంచి కోసి కనుబొమ్మల దాకా లాగితే అక్కడ దళసరి కట్టు తేలుతుంది. అది తండ్రికి ఉంది, అన్నదమ్ముల్లో ఒకడికి పెడుతుంటే తను చూశాడు, తనకీ పెట్టాలని ఇంట్లో అనుకున్నారు. ఈలోపే, పదకొండేళ్ళ వయసులో, పెద్దవాళ్ళు పొలానికి పోయినప్పుడు దొంగలు గోడ దూకి వచ్చి అతన్నీ అతని తోబుట్టువునీ ఎత్తుకుపోయి అమ్మేశారు. (అతను అమెరికాలోనే పుట్టాడని చూపించే కాగితాలు కొన్ని ఉన్నాయి, చరిత్రకారుల్లో వాదన నడుస్తోంది. ఆ గాటు వివరం మాత్రం ఇగ్బోల ఇచికి సరిపోతుంది.)

ఆ పుస్తకంలో ఇంకో సంగతి ఉంది. చేతులు మారుతూ సముద్రం వైపు పోతున్నప్పుడు, పళ్ళు అరగదీసుకుని ఒంటి నిండా గాట్లు పెట్టుకునే జనం మధ్య కొన్నాళ్ళు ఉన్నాడు. వాళ్ళు ముచ్చటపడి ఇతనికీ పెడతామన్నారు. ఇతను ఒప్పుకోలేదు. ఇలా ఒళ్ళు పాడుచేసుకోని మనుషుల దగ్గరికి ఎప్పటికైనా చేరతాననుకున్నాడట. నాన్న నుదుటి మీదిది గౌరవం, పక్క జనం ఒంటి మీదిది ఒళ్ళు పాడుచేసుకోవడం! ఇది చదివి మేము నవ్వుకున్నాం, తర్వాత కొంచెం సిగ్గుపడ్డాం కూడా. మన గ్రూపులోనే ఒక తెగ వాళ్ళ పచ్చబొట్లని ఇంకో తెగ వాళ్ళు వెక్కిరించిన సందర్భాలు ఉన్నాయి కదా.

ఓడ ఎక్కాక ఆ గీతల్ని చదివే మనుషులు మారిపోయారు. అమెరికాలో, జమైకాలో పారిపోయిన బానిసల కోసం యజమానులు పత్రికల్లో ప్రకటనలు వేసేవాళ్ళు. ఎత్తు, వయసు, వేసుకున్న బట్టలు, ఆ తర్వాత మొహం మీదున్న "సొంత దేశపు గుర్తులు". నేను ఫలానా వాళ్ళ బిడ్డని అని ఇంట్లో వాళ్ళు పెట్టిన గీతే, పట్టిస్తే ఇంత ఇస్తాం అనే ప్రకటనకి ఆనవాలైంది. ఆ గీత పక్కనే కొందరి ఒంటి మీద వ్యాపారి ఇనుము కాల్చి వేసిన అక్షరాలు కూడా ఉండేవి.

గడి సంగతి ఇక్కడుంది. 1807లో బ్రిటన్ బానిసల వ్యాపారాన్ని నిషేధించింది. ఆ తర్వాత వాళ్ళ నౌకాదళం సముద్రం మీద బానిస ఓడల్ని పట్టుకుని, అందులో ఉన్నవాళ్ళని సియెర్రా లియోన్‌లోని ఫ్రీటౌన్‌లో దించేది. దిగిన ప్రతివాళ్ళనీ వరుసలో నిలబెట్టి రిజిస్టరులో రాశారు. నంబరు, పేరు, ఆడా మగా, వయసు, ఎత్తు అడుగుల్లో అంగుళాల్లో, చివరి గడిలో ఒంటి మీది గుర్తులు. బుగ్గల మీద ఇన్ని గీతలు, పొట్ట మీద ఇలా, మశూచి మచ్చలు ఇలా. పదుల వేల మంది వివరాలు అలా రాసిపెట్టారు. రాసిన గుమాస్తాకి ఆ గీతల అర్థం తెలియదు, అడగను కూడా లేదు. ఇవాళ చరిత్రకారులు ఆ పేర్లనీ ఆ గుర్తుల్నీ పట్టుకునే ఎవరు ఏ ప్రాంతం నుంచి వచ్చారో వెతుకుతున్నారు. లెక్క కోసం నింపిన గడిలో ఇంటి ఆనవాలు మిగిలింది.

ప్రభుత్వాలు ఇలా చదవడం అక్కడితో ఆగలేదు. 1960లో అల్జీరియాలో స్వాతంత్ర్య పోరాటం నడుస్తుండగా, ఊళ్ళు ఖాళీ చేయించి జనాన్ని క్యాంపుల్లో పెట్టిన ఫ్రెంచి సైన్యం అందరికీ గుర్తింపు కార్డులు ఇవ్వాలనుకుంది. ఫోటోలు తీసే పని మార్క్ గరాంజే అనే సైనికుడి మీద పడింది. దాదాపు రెండు వేల మంది ఆడవాళ్ళని స్టూలు మీద కూర్చోబెట్టి, ముసుగు తీయించి తీశాడు. చాలామంది గడ్డం మీద, నుదుటి మీద పచ్చబొట్లు. ఆ ఫోటోల్లో వాళ్ళ కళ్ళు ఒకసారి చూడండి, కెమెరాని కాల్చేసేటట్టు చూస్తారు. గరాంజేకి కూడా ఆ యుద్ధం ఇష్టం లేదు, తర్వాత వాటిని పుస్తకంగా వేశాడు.

అన్నిటికంటే కష్టమైంది దక్షిణ సూడాన్ కథ. నూయెర్ కుర్రాళ్ళకి పెద్దవాళ్ళు అయినప్పుడు నుదుటి మీద ఒక చెవి నుంచి ఇంకో చెవి దాకా ఆరు గీతలు కోసేవాళ్ళు. గార్ అంటారు. కత్తి ఎముకకి తగిలేంత లోతు. అది అయిన మర్నాటి నుంచి అతను ఆవు పాలు పితకకూడదు, అది ఆడవాళ్ళు, పిల్లలు చేసే పని. పొరుగున ఉన్న డింకాల గీతలు వేరే రకం. 2013 డిసెంబరులో రాజధాని జుబాలో ప్రభుత్వంలోని నాయకుల తగువు సైన్యంలోకి పాకింది. సైనికులు నూయెర్ మగవాళ్ళని ఇల్లిల్లూ వెతికి చంపారు. భాష మాట్లాడించి పోల్చుకున్నారు, నుదురు చూసి పోల్చుకున్నారు. వేరే ఊళ్ళలో డింకాల మీద కూడా ఇలాంటివే జరిగాయి. మగవాడివయ్యావని పెట్టిన గీత తీసేయడానికి వీల్లేదు. ఇది తెలిసిన ఏ తండ్రయినా నా కొడుక్కి వద్దు అంటే మేము అతన్ని తప్పుపట్టలేం.

పిల్లల సంగతి కూడా చెప్పాలి. యొరుబా గాట్లు చాలావరకు పసితనంలో పెట్టేవి, అడిగి పెట్టేవి కావు. ఒకే కత్తి చాలామందికి వాడితే ధనుర్వాతం, హెచ్ఐవి భయం. నైజీరియా 2003లో చేసిన బాలల హక్కుల చట్టం పిల్లల ఒంటి మీద పచ్చబొట్టు గానీ గాటు గానీ పెట్టడాన్ని నిషేధించింది. మేము ఆ చట్టం వైపే. సంస్కృతి పేరు చెప్పి నెలల బిడ్డ మొహం మీద కత్తి పెట్టడాన్ని సమర్థించం. కానీ పెట్టించుకోకపోవడం వేరు, ఉన్నవాళ్ళని చూసి నవ్వడం వేరు. మిషనరీలు, దొరలు అనాగరికం అన్నారు. అదే మాట తర్వాత చదువుకున్న మనవలు అన్నారు.

ఐవరీ కోస్ట్ ఫోటోగ్రాఫర్ జొవానా షుమాలీ 2013-14లో అబిజాన్ నగరంలో మొహం మీద గాట్లున్నవాళ్ళని వెతికి ఫోటోలు తీసింది. ఎక్కువమంది బుర్కినా ఫాసో నుంచి బతకడానికి వచ్చినవాళ్ళు. ఇది మా ఇంటి గుర్తు అని కొందరు గర్వంగా చెప్పారు. పట్నంలో దీనివల్ల మాటలు పడుతున్నాం అని కొందరు బాధపడ్డారు. ఆ ఫోటోలకి ఆమె పెట్టిన పేరు "హాబ్రే". బుర్కినాలో కో అనే భాషలో ఆ ఒక్క మాటకే రాత అనీ అర్థం, గాటు అనీ అర్థం. ఆ వరుసకి ఆమె "ఆఖరి తరం" అని కూడా పేరు పెట్టింది.

మన దగ్గర ఆదిలాబాద్ గోండు ఇళ్ళల్లో పచ్చబొట్లు పొడిచింది తోటి ఆడవాళ్ళు, మైదానం ఊళ్ళల్లో ఎరుకల ఆడవాళ్ళు. ఇప్పుడు హైదరాబాద్‌లో టాటూ షాపుకి పోతే "ట్రైబల్ డిజైన్" అని పుస్తకం చూపిస్తారు. అందులో వీళ్ళు పొడిచినవి ఒక్కటీ మాకు కనపడలేదు.

మొదట చెప్పిన అమ్మాయి మొన్న దీపావళి సెలవులకి ఇంటికి పోయినప్పుడు నాయనమ్మ రెండు చేతుల మీదున్న బొమ్మలన్నీ నోట్‌బుక్కులో గీసుకొచ్చింది. మొత్తం తొమ్మిది. ఒక్కోదాని పేరేంటో అడిగి పక్కన రాసుకుంది. ఆరింటికి పేర్లు చెప్పిందట ఆ ముసలామె. మిగతా మూడూ పొడిచినామెకే తెలుసు, ఆమె పోయి చాలా ఏళ్ళయింది అందట. ఆ మూడు బొమ్మల ఫోటోలు కింద పెడుతున్నాం. మీ ఇళ్ళల్లో ఎవరి చేతి మీదన్నా ఇలాంటివి ఉంటే పేరు అడిగి చెప్పండి.