వరి పక్కన చెరకు: సృష్టికర్త వాదానికి పొలం ఇచ్చే సాక్ష్యం

కుండకు కుమ్మరి ఉన్నట్టే జగత్తుకూ కర్త ఉండి తీరాలని మన నైయాయికులు (న్యాయ దర్శన పండితులు) ఎప్పుడో అన్నారు. పదో శతాబ్దంలో ఉదయనాచార్యుడు ‘న్యాయకుసుమాంజలి’లో ఆ వాదాన్ని శిఖరానికి చేర్చాడు. 1802లో విలియం పేలీ గడియారాన్ని చూపించి ఇంగ్లండులో అదే మాట అన్నాడు. 1859లో డార్విన్ పుస్తకం వచ్చాక ఆ వాదం కొంత వెనక్కి తగ్గింది గానీ, అణుజీవశాస్త్రం పెరిగాక కణం లోపలికి దిగి మళ్లీ నిలబడింది. 1996లో అమెరికా జీవరసాయన శాస్త్రవేత్త మైకేల్ బీహీ బ్యాక్టీరియా కశాభాన్ని, అంటే ఈదడానికి మోటారులా తిరిగే తోకను, ఉదాహరణగా చూపాడు. ఇన్ని ప్రొటీన్లలో ఒక్కటి తీసేసినా ఆ మోటారు ఆగిపోతుంది, అలాంటిది మెట్టుమెట్టుగా ఎలా ఏర్పడుతుందని అడిగాడు. గట్టి ప్రశ్నే. దాన్ని నవ్వి వదిలేయడం తగదు.

జవాబు కోసం నిజామాబాద్ జిల్లా బోధన్ పొలాలకు రావచ్చు. నిజాంసాగర్ నీళ్లతో ఇక్కడ వరి, చెరకు రెండూ పండాయి. 1937లో పెట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015లో మూతపడేదాకా ఇక్కడి శక్కర్‌నగర్‌ను పోషించింది ఆ చెరకే. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పట్టే రుబిస్కో ఎంజైము రెండు పైర్లలోనూ ఉంది. అది తరచూ పొరబడి ఆక్సిజన్‌ను పడుతుంది. ఎండ ముదిరేకొద్దీ వరికి ఆ పొరపాటు వల్ల నష్టం పెరుగుతుంది. చెరకు మాత్రం ముందుగా వేరే ఎంజైముతో కార్బన్‌ను పట్టి, లోపలి కణాల్లోని రుబిస్కో దగ్గరికి చేరవేస్తుంది. 1960లలో ఈ మార్గాన్ని తేల్చినవాళ్లు హవాయి, బ్రిస్బేన్‌లలోని చక్కెర పరిశోధనశాలల వాళ్లే. ఈ పనికి ఏటీపీ అదనంగా ఖర్చవుతుంది. కణానికి శక్తినిచ్చే ఆ అణువును 1929లో కండరాల్లో గుర్తించినవారిలో మన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు.

చూడబోతే ఇదీ విడదీయరాని యంత్రమే. కానీ ఆ ‘వేరే ఎంజైము’ వరిలోనూ ఉంది, మరో పని చేస్తూ. పాత జన్యువులు రెట్టింపై కొత్త పనికి కుదురుకున్న ఆనవాళ్లు చెరకు డీఎన్ఏలో కనిపిస్తాయి. ఈ మార్గం వేర్వేరు మొక్కల కుటుంబాల్లో 60కి పైగా సార్లు విడివిడిగా పుట్టింది. సగం దారిలో ఉన్న మొక్కలు నేటికీ బతికే ఉన్నాయి. మేధావి ఒకడు గీసిన పథకమే అయితే పొరబడే రుబిస్కోను మార్చకుండా చుట్టూ ఇంత ఏర్పాటు ఎందుకు చేసినట్టు? బీహీ పక్షం దగ్గర దీనికి సరైన సమాధానం నాకు దొరకలేదు.

బీహీ పక్షం వాదాన్ని బడి పాఠాల్లోకి తేవడంపై అమెరికాలోని పెన్సిల్వేనియాలో నడిచిన డోవర్ కేసులో, ఆ వాదం సైన్సు కాదని 2005లో జడ్జి జాన్ జోన్స్ తీర్పిచ్చాడు. అక్కడ బీహీకి ఎదురుగా సాక్ష్యం చెప్పిన కెనెత్ మిల్లర్ నిష్ఠగల కేథలిక్కు. భక్తికీ పరిణామానికీ పోరు తప్పదనేవాళ్లు ఆయన్ని గుర్తుంచుకోవాలి.

మన దగ్గర 2018లో ఒక కేంద్రమంత్రి డార్విన్ సిద్ధాంతం తప్పన్నప్పుడు మూడు సైన్సు అకాడమీలు కలిసి ఖండించాయి. 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకం నుంచి పరిణామం పాఠాన్ని తీసేశారు. పన్నెండో తరగతి జీవశాస్త్రంలో అది ఉంది. పదితోనే జీవశాస్త్రాన్ని వదిలేసే పిల్లలు అక్కడిదాకా వెళ్లరు.